పైన మిగిలిన బూటు

బూట్ల కొట్లో ఇప్పటికీ ధర అడిగే ముందు బొటనవేలితో బూటు కొస నొక్కి చూస్తాను. ఆ అలవాటు తొంభైల్లో బహ్రెయిన్‌లో, అస్కర్ లేబర్ క్యాంపు బస్సులో అంటుకుంది. కట్టడాల చుట్టూ నిలబెట్టే స్కఫోల్డింగ్ పైపులెక్కే పని నాది. ధర ఒకటే కదా అని ఒక సైజు పెద్ద బూట్లు కొని తొడుక్కున్నాను.

పక్కసీట్లోని తెలంగాణ మనిషి వంగి నా బూటు కొస నొక్కాడు. లోపల ఖాళీ తగిలింది.

“ఎక్కెటోనికి వేలు కొసదాంక ఆనాలె తమ్మీ. అగ్గువదైనా సరే, టైటుగున్నది తీస్కో.”

“రెండు జతల సాక్సు తొడుక్కుంటాలే అన్నా.”

“మా దోస్తు గూడ గదే అన్నడు. బూటు పైపుల నడుమ ఇరికి మీదనే ఉన్నది. మనిషి కిందికొచ్చిండు.”

మామీర్ స్టాపులో అతను దిగుతుంటే చూశాను. అతని బూట్లు ఒక జతవి కావు. కుడికాలిది బాగా పెద్దది, పైపుల మధ్య ఇరికినట్టు రెండు పక్కలా నొక్కుకుపోయి ఉంది. ఊడిపోకుండా మడమ చుట్టూ ఇనుప తీగతో బిగించి కట్టుకున్నాడు.