బావగారు ఒప్పుకోని తూనీగ

మొన్న సోమవారం పొద్దున ఏలూరులో నా షాపులో మోటారు విప్పుతుండగా తాడేపల్లిగూడెం నుంచి అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, మీ బావగారు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయార్రా" అంది. నిద్రలోనే పోయారట. నేను బస్సెక్కేలోపే చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఆయన ఫోటో పెట్టి, కింద 'పక్షి ప్రేమికుడు' అని రాసేశారు. ఆయన జన్మలో ఒక పక్షిని ప్రేమగా చూసిన పాపాన పోలేదు. కొల్లేటి కొంగల్ని ఎవరైనా పొగిడితే, "వాటికి పొగిడేవాళ్లు చాలామంది ఉన్నార్లే" అనేవారు. ఆయనవి తూనీగలు.

కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన మనిషి. ఊరి బడిలో పదో తరగతి ఎలాగో గట్టెక్కిన నన్ను ఎందుకు చేరదీశారంటే, నాకు స్కూటరుంది, ఆయనకు నడపడం రాదు.

ఉండి చెరువులో వింత చేప, తణుకులో అరుదైన మొక్క అని పేపర్లో పడితే ఆ పూట మా టిఫిన్ చల్లారిపోయేది. "ఎవడో అక్వేరియం మీద విసుగెత్తి చెరువులో పారేసిన చేపోయ్ అది. ఆ మొక్క నర్సరీ మట్టితో లారీలో దిగింది. వీళ్లు కనిపెట్టింది ఊళ్లోవాళ్ల చెత్తని" అనేవారు. కొత్తచోట ఏ జీవి కనబడినా ఆయన అడిగే ప్రశ్నలు ఇవే: దానంతటది వచ్చిందా, ఎవరైనా తెచ్చారా, ఇక్కడే పుట్టిందా? చివరిదానికి జవాబు లేనివాణ్ని ఆయన మనుషుల్లో కలిపేవారు కాదు.

అలాంటాయనకే కొల్లేటికోట దగ్గర కాలువ గట్టున ఒక ఎర్రతోక తూనీగ కనిపించింది. కొండవాగుల దగ్గర తిరిగే రకమట. ఇంత పల్లానికి దిగినట్టు ఏ పుస్తకంలోనూ లేదట. ఆ రోజు స్కూటరు మీద వెనక కూర్చుని పాట పాడారు. అంత ఘోరం నేను మళ్లీ వినలేదు.

ఏలూరులో ఒక సభలో ఆ సంగతి చెబితే, కారులో వచ్చిన పెద్దమనిషి ఒకాయన నవ్వాడు. "తుఫాను గాలికి కొట్టుకొచ్చి ఉంటుంది లెండి మాస్టారూ."

"అవునండీ, తమరూ అలాగే వచ్చారు. అయినా స్టేజీ ఎక్కించాం కదండీ!"

హాలంతా నవ్వింది. బయటికొచ్చాక మాత్రం బావగారు ముఖం మాడ్చుకున్నారు. "ఆ వెధవ అన్నది నిజమేనోయ్. ఎగురుతుంటే చూడటం ఓ చూడటమా? పుడుతుంటే చూడాలి."

తూనీగ పిల్ల నీళ్లలోనే పెరుగుతుంది. రెక్కలొచ్చే రోజున జమ్ముకాడ ఎక్కి, వీపు చీల్చుకుని బయటికొస్తుంది. ఒట్టి పొర కాడకు అంటుకుని ఉండిపోతుంది. ఆ పొర కోసం ఆదివారాలు చర్చి ఎగ్గొట్టి, అక్క చేత ఇద్దరం తిట్లు తిని, మోకాలి లోతు బురదలో దిగేవాళ్లం. గట్టు మీద చేపలు ఎండబెట్టుకునే ముసలావిడ ఒకామె అడిగింది.

"ఏవండీ మాస్టారూ, ఏం పోగొట్టుకున్నారండీ?"

"తూనీగ విప్పేసిన చొక్కా అమ్మా."

"దొరికితే మాత్రం మీకు పడుద్దా అండీ?"

ఆయన ఎదురు మాట అనకుండా నవ్వింది ఆవిడ దగ్గరొక్కచోటే.

పొరలు దొరికాయి. అయితే ఆ రకం పొర ఎలా ఉంటుందో ఇంతవరకూ ఎవరూ రాయలేదట, కాబట్టి లెక్కలోకి రావని బావగారే అన్నారు. ఈలోగా పక్క చెరువు రైతు, ఎండలు ముదిరితే పొక్లెయిన్ పెట్టి ఆ గట్టు తీసేస్తున్నామని కబురు పెట్టాడు.

నిన్న గూడెంలో బావగారి ఆదరణ కూడిక, అదే సంతాప సభ, జరిగింది. స్టేజీ వెనక ఫ్లెక్సీ మీద 'కొల్లేటి తూనీగను కనిపెట్టిన శాస్త్రవేత్త' అని ఇంతింత అక్షరాలు. కారు పెద్దమనిషి కూడా వచ్చాడు. "ఆ తూనీగ విషయంలో మాస్టారిని మొదట ప్రోత్సహించింది నేనేనండీ" అని మైకులో కళ్లు తుడుచుకున్నాడు. పొడి కళ్లు తుడుచుకోవడం కూడా ఒక విద్యే.

తర్వాత మైకు నాకిచ్చారు. "ఆయన కనిపెట్టలేదండీ" అన్నాను. "కనిపెట్టానని ఆయనే ఒప్పుకోలేదు."

పాస్టరుగారు దగ్గారు. వెనకనుంచి మా బాబాయి, "పోయిన మనిషిని తగ్గిస్తావేంట్రా, దిగు" అన్నాడు.

ముందు వరుసలోంచి అక్క లేచింది. "వాణ్ని చెప్పనివ్వండి బాబాయ్. ఆయనుంటే ఆ ఫ్లెక్సీ చింపేసేవారు."

అప్పుడు మేమిద్దరం కలిసి వెళ్లిన చివరి తెల్లవారుజాము సంగతి చెప్పాను. కిందటి నెల, ఇంకా వెలుగు రాకముందే గట్టున కూర్చున్నాం. మా కళ్లముందే ఒక పిల్ల జమ్ముకాడ ఎక్కింది, వీపు చీలింది, తడి రెక్కలతో తూనీగ బయటికొచ్చింది. ఒళ్లంతా లేత పసుపు, గాజులా ఉంది.

"అదేనా బావగారూ?"

"రంగు రాలేదోయ్. రంగొచ్చేదాకా ఏదైనా కావచ్చు."

"పట్టి సీసాలో పెడదామండీ."

"ఇప్పుడు ముట్టుకుంటే రెక్క ముడతపడి జన్మంతా ఎగరదు."

"పోనీ అదేనని రాసెయ్యండి. గట్టు ఎటూ పోతుంది. ఎవరు చూశారు?"

ఆయన నావైపు చూసిన చూపు పేపర్లో వింత చేపని చూసిన చూపే. "మనం చూశాం కదటోయ్" అన్నారు.

ఇంతలో ఎవరిదో పడవ పోయి అల కొట్టింది. కాడ నీళ్లమీదికి వంగింది. బావగారు బురదలోకి దిగి, తూనీగకు తగలకుండా కాడను కింద పట్టుకుని నిటారుగా నిలబెట్టారు. రెక్కలు ఆరేదాకా కదల్లేదు. పొద్దు పొడవగానే అది లేచి, ఆయన నెత్తిమీదుగా చెరువుల వైపు వెళ్లిపోయింది. ఏ రకమో చెప్పకుండానే.

ఆయన అటే చూస్తూ, ఒట్టి పొర మిగిలిన ఆ కాడని అలాగే పట్టుకుని నిలబడ్డారు.