అమ్మ ఏడుపు మీద వీణ

టెలివిజన్‌కు నాటకాలు రాసి, తీసి బతికినవాణ్ణి. నిర్మాత అని కార్డు కొట్టించుకున్నాను గానీ, ఎక్కువగా చేసిన పని ఆఫీసుల ముందు బెంచీల మీద కూర్చోవడమే. ఎనభైల్లో మద్రాసు నుంచి తమిళ నాటకం వస్తోందంటే ఊళ్ళకు ఊళ్ళు టీవీ ముందు చేరేవి. వాటిలో కొన్ని నావి. మీరు రాసిన గొప్ప సీను అదేనండీ అని ఎవరైనా ఆ చావు సీను ఎత్తితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. అందులో నా మాట ఒక్కటీ లేదు. ఉన్నవి మా అమ్మ మాటలు. వాటి గొంతు పిసికేశారు.

మాది ధర్మపురి జిల్లాలో మారండహళ్ళి దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మావాళ్ళలో ఆడది మొగుడి అన్న ఎదుట నోరెత్తదు. ఆయన వస్తుంటే లేచి గోడ పక్కకు తప్పుకుంటుంది. ఆ కట్టు తెగేది చావు దగ్గర మాత్రమే. శవం ముందు శోకాలు పెట్టే ఆడదాన్ని ఎవరూ ఆపకూడదు, ఆమె ఎవరిని ఏమన్నా పడాల్సిందే. మా నాన్న పోయిన రోజు అమ్మ రెండు ముక్కలు అనిందో లేదో, నాన్నకు అన్న, మా పెదనాన్న, "పొద్దు పోతాది, ఎత్తండి" అన్నాడు. ఎత్తేశారు. నేను మద్రాసు నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది. అమ్మ నాతో ఏమీ చెప్పలేదు.

కొన్నేళ్ళ తర్వాత ఒక నాటకంలో చావు సీను మా ఇంట్లోనే తీద్దామని కెమెరా వేసుకుని ఊరికి పోయాను. ఏడవడానికి ఊరి ఆడవాళ్ళు ఒక్కరూ ఒప్పుకోలేదు. పీనుగు లేని ఇంట్లో శోకాలు పెడితే ఆ ఇంటికి కీడు. పొద్దు వాలుతోంది, యూనిట్ అంతా నా మొహం చూస్తోంది. అప్పుడు అమ్మ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

"నేను ఏడుస్తాను. నా ఏడుపు సగంలో నిలిచిపోయింది కదరా. ఇది టీవీలో వస్తాదా?"

"వస్తుందమ్మా."

"మీ పెదనాయన చూసే పంచాయితీ టీవీలో?"

"అందులోనే."

"అట్లయితే పెట్టుకో నీ కెమెరా."

చాప మీద శవంలా పడుకున్న నటుడి కాళ్ళ దగ్గర కూర్చుని అమ్మ తెలుగులో మొదలుపెట్టింది.

"తక్కాళి బుట్టలు దించితే నలిగిపోతాయంట సామీ, నువ్వు పోతే పరవాలేదంట! గుండె పట్టుకోని నువ్వు పడుంటే, వాకిట్లో వ్యాను నిలబడుండె, నీ అన్న తాళం మొలలో చెక్కుకోనుండె! తక్కాళ్ళు హోసూరుకు పోయినాయి, నువ్వు కాటికి పోతివి సామీ!"

నాన్న ఎలా పోయాడో నాకు అప్పుడే తెలిసింది. టొమాటోల లోడు దించడం ఇష్టంలేక పెదనాన్న తన వ్యానును ఆస్పత్రికి తీసుకుపోవడానికి ఇవ్వలేదు. కెమెరామన్‌కు తెలుగు రాదు, అయినా కళ్ళు తుడుచుకున్నాడు. నేను అలాంటి మాటలు నా జన్మలో రాయలేదు.

పెదనాన్న ఆ రోజు ఊళ్ళో లేడు. బయట నిలబడి విన్నవాళ్ళంతా ఆయన తోటల్లో కూలికి పోయేవాళ్ళు, అడిగినా చెప్పరు. అమ్మ ఏదో అనిందని మాత్రం ఆయన చెవిన పడింది.

నాటకం వచ్చే రోజు నేనూ ఊరికి పోయాను. అమ్మ పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టింది. పంచాయితీ ఆఫీసు ముందు ఊరంతా ఉంది. ముందు కుర్చీలో పెదనాన్న తువ్వాలు పదేపదే సర్దుకుంటున్నాడు. అమ్మ ఎన్నడూ లేనిది, ఆయనకు కనబడేచోటికి వచ్చి కూర్చుంది.

సీను వచ్చింది. తెరనిండా అమ్మ మొహం. నోరు తెరిచింది. వీణ మోగింది.

అమ్మ గుండె బాదుకుంటోంది, నోరు కదులుతోంది, వీణ మోగుతూనే ఉంది. ఒక్క మాట వినబడలేదు. పెదనాన్న భుజాలు మెల్లగా కిందికి దిగాయి. వక్కాకు తిత్తి విప్పుతూ నా వైపు తిరిగి, "సంగీతం బాగా పెట్టినావురా" అన్నాడు.

"నా గొంతు ఏమాయెరా?" అని అడిగింది అమ్మ. ఆ రాత్రి బస్సుకే బయల్దేరాను.

మద్రాసు పోయి టీవీ స్టేషన్‌లో అధికారిని నిలదీశాను. "తమిళ నాటకంలో తెలుగు ఏడుపేమిటండీ? ఎవరికి అర్థమవుతుంది? నేనే ఆ గొంతు తీయించి వీణ వేయించాను. ఎంత హుందాగా ఉందో చూశారా!" అన్నాడు చల్లగా. అసలు టేపు ఇవ్వమన్నాను. దాని మీద వేరే కార్యక్రమం ఎక్కించేశారట. పత్రికలేమో ఒక్క మాట లేకుండా గుండె పిండేశాడని నన్ను మెచ్చుకున్నాయి. సభ పెట్టి శాలువా కప్పారు. దాన్ని తగలబెట్టాలన్నంత కోపం వచ్చింది. తగలబెట్టలేదు, చలికాలంలో కప్పుకున్నాను.

ఆ తర్వాత ఎంతో కాలం గడవకుండానే పెదనాన్న పోయాడు. ఆడవాళ్ళు అమ్మకు దారి ఇచ్చి, శవం తల దగ్గర చోటు చేశారు. ఆమె ఏం మోస్తోందో అందరికీ తెలుసు, ఇప్పుడు ఆపేవాడూ లేడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆయన మొహం చూస్తూ కూర్చుంది. ఎత్తేవరకూ నోరు విప్పలేదు.

ఇంటికి నడుస్తూ ఉండబట్టలేక అడిగాను.

"అంతసేపు కూర్చున్నావు, ఒక్క మాటన్నా అనకపోతివే అమ్మా."

"ఆయప్పకు చెవులుండిన దినం నువ్వు వీణ వాయించినావు" అంది. "ఇంక ఎవురికి చెప్పేదిరా?"