చీటీలు అంటించిన మాస్టారు

మాస్టారు పోయారని ఈ నెల మొదట్లో వాట్సాప్‌లో చూశాను. మా నరసరావుపేట సాహిత్య మిత్రుల గ్రూపులో ఫోటో పెట్టారు. బయల్దేరదామని నేనింకా చెప్పులు వేసుకుంటూనే ఉన్నాను, ఈలోగా ఎవరు కబురు చేశారో, ఆయన పుస్తకాలు అమ్మే వెబ్‌సైటు వాళ్ళు ఆయన పేజీలో పేరుకు ముందు ‘కీర్తిశేషులు’ చేర్చేశారు. గంట కూడా పట్టలేదు. అదే పేజీలో ఆయన ఫోన్ నంబరు మాత్రం నాలుగేళ్ళుగా తప్పే. ఆ తప్పు నాది. అందుకే ఈ నాలుగు ముక్కలూ పొగడ్తలా రావడం లేదు, ఏమీ అనుకోకండి.

నాది స్టేషన్ రోడ్డులో చిన్న డీటీపీ షాపు. మాచర్లలో తెలుగు చెప్పి రిటైరైన మాస్టారి రెండు కథల పుస్తకాలూ నేనే టైపు చేశాను. ప్రూఫులకొస్తే కుర్చీ వేసినా కూర్చునేవారు కాదు. నా వెనకే నిలబడి, పెదాలు కదుపుతూ తెర మీద చదివేవారు. నాకు చిరాకొచ్చి విసుక్కునేదాన్ని కూడా. కూర్చుంటే తప్పులు కనపడవని ఆయన వాదన.

మొదటి పుస్తకం అచ్చు వేశాం. రెండోదానికి ఆ ఓపిక లేక ఈ-బుక్‌గా ఆ వెబ్‌సైట్‌లోనే పెట్టాం. పేజీ తెరిచి ఫోటో, మాచర్ల అడ్రసు, ఇంటి ల్యాండ్‌లైన్ నంబరు ఎక్కించింది నేనే. ఆ తర్వాత ఆయన ఇల్లు మారి మా ఊరొచ్చేశారు.

వచ్చిన వారానికే సెల్ నంబరుతో నా దగ్గరే చీటీలు ప్రింటు తీయించుకున్నారు. ఒక సీసాలో మైదా జిగురు పోసుకుని, ఆ మోకాళ్ళ నొప్పులతోనే బస్సెక్కి మాచర్ల, గురజాల, వినుకొండ లైబ్రరీలు తిరిగారు. తన పుస్తకం ఎక్కడుంటే అక్కడ, చివరి పేజీలో పాత నంబరు మీద చీటీ అంటించి వచ్చారు. నేను నవ్వాను.

“నవ్వుతావేందమ్మా? చదివినోడు పనిగట్టుకుని పలకరించటానికొస్తే తలుపుకి తాళం కనపడకూడదు. కాయితం మీదది నేను మార్చుకున్నా. ఆ నెట్‌లోది నీ చేతిలో ఉంది తల్లీ.”

పేజీ పాస్‌వర్డ్ గోడ క్యాలెండరు మీద రాసుకున్నాను. ఏడాది మారగానే ఆ క్యాలెండరు చింపి పుస్తకాలకు అట్టలేశాను. వెబ్‌సైటు వాళ్ళకు రెండు వాక్యాలు రాస్తే కొత్తది ఇస్తారు. పెళ్ళి కార్డులకు, ఎలక్షన్ కరపత్రాలకు దొరికిన తీరిక ఆ రెండు వాక్యాలకు దొరకలేదు నాకు. మార్చావా అని ఆయన మొదట్లో అడిగేవారు. రేపు మారుస్తాననేదాన్ని. కొన్నాళ్ళకు అడగడం మానేశారు. మర్చిపోయారులే అనుకుని, సిగ్గు లేకుండా హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

మూడో పుస్తకం సగంలో ఆపేశారు. ఎందుకు మాస్టారూ అంటే నా వైపు కాసేపు చూసి, “రెండో పుస్తకానికి ఒక్క ఫోనన్నా రాలేదమ్మా. ఇంక ఎవురి కోసం?” అన్నారు. అప్పుడైనా నా బుర్రకు తట్టాలి. టీ తెప్పించి, మాట మార్చాను.

ఆయన్ని సాగనంపి వచ్చిన రోజే ఆ రెండు వాక్యాలూ రాశాను. సాయంత్రానికి కొత్త పాస్‌వర్డ్ వచ్చింది. దాంతో పేజీ తెరిస్తే, బయటివాళ్ళకు కనపడని పాఠకుల సందేశాలు తొమ్మిది ఉన్నాయి, అన్నీ రెండో పుస్తకం గురించే. ఒకటి నడికుడిలో రైల్వే ఉద్యోగి రాసింది, రెండేళ్ళ కిందటిది. మీ కథ చదివాక మా అన్నతో మళ్ళీ మాట్లాడానండీ, ఫోన్ కలవక మాచర్ల వెళ్ళాను, తలుపుకు తాళం ఉంటే తిరిగొచ్చేశాను, మూడో పుస్తకం ఎప్పుడు అని.

ఆ తొమ్మిదీ ప్రింటు తీసి పెద్దకర్మ నాడు అమ్మగారికి, అంటే మాస్టారి భార్యకు ఇచ్చాను. నంబరు మార్చలేదని చెప్పేశాను. తిట్టినా బాగుండేది.

“తెలుసులేమ్మా. మనవరాలి ఫోన్లో ఆయనే చూసుకున్నాడు ఎప్పుడో. ‘ఆ పిల్లకి పని చానా ఎక్కువ, ఇసిగించొద్దు’ అన్నాడు.”

ఒక్క ఫోనన్నా రాలేదని ఆ రోజు ఆయన నాతో అన్నది, మళ్ళీ అడగడమే. నేను టీ తెప్పించాను.

పేజీలో ఇప్పుడు నంబరు సరిగ్గానే ఉంది. వాళ్ళింట్లో ఆ సెల్‌ఫోన్ ఇంకా ఛార్జింగ్‌లోనే ఉంది. ఎవరన్నా చేస్తారేమోనని అమ్మగారు తీయనివ్వడం లేదు. చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. తన నంబరు తనకు గుర్తుండదని కాబోలు, వెనక ఒక చీటీ అంటించుకున్నారు. నేను కత్తిరించి ఇచ్చినవాటిలోదే. మైదా జిగురు ఎండి పసుపెక్కింది, అంచు ఒక్కటీ లేవలేదు.