మెత్తతీగ పరీక్ష

కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టడం ఆయన వృత్తి. వీధి ఆయనకు పెట్టిన పేరు గాలి మేస్త్రీ. ఆ పేరుకు కారణం దుకాణం వెనక గదిలోని ఒక రేకు డబ్బా. అందులో ఆయన సొంతంగా చుట్టిన రాగిచుట్ట ఉండేది. డబ్బాను కాటా మీద పెట్టి కరెంటు ఇస్తే ముల్లు వెంట్రుకవాసి వెనక్కి జరిగేది. డబ్బా బరువు తగ్గుతోందని, ఆ బలాన్ని పెంచగలిగితే నిప్పూ పొగా లేకుండానే మనిషి ఆకాశం దాటిపోవచ్చని ఆయన నమ్మకం.

ఆ నమ్మకాన్ని తూర్పారబట్టడానికి ఆదివారం మధ్యాహ్నాలు నలుగురైదుగురు చేరేవారు. అందరికన్నా ముందు వచ్చేది ఆయన భార్యకు అన్నగారు, కాటాలు మరమ్మతు చేసే బావ.

"ఎత్తేది నీ చుట్ట కాదు బావా, దానికి కరెంటు తెచ్చే ఆ లావుతీగ. కరెంటు పారగానే బిగుసుకుని డబ్బాని పైకి లాగుతోంది."

"తిక్క నీ కాటాకి! ముందు దానికి మందెయ్యి."

"కాటా అబద్ధమాడదు. ఆడితే మనుషులే ఆడాలి."

"ఇద్దరూ ఆ డబ్బా ఎక్కి పొండయ్యా, వీధి బరువు తగ్గుతుంది!" అనేవాడు వెల్డరు.

వారికొక కట్టుబాటు ఉండేది. పరీక్ష జరిగేటప్పుడు వాదం తెచ్చినవాడు గదిలో ఉండకూడదు. కాదన్నవాడే ఒంటరిగా యంత్రాన్ని నడిపి, బయటికి వచ్చి ఫలితం చెప్పాలి. ఆశపడే కంటికి జరగని కదలిక కూడా కనిపిస్తుందని వారి అనుభవం. కాదన్నవాడి కంటికి అటువంటి జబ్బు ఉండదని వారి లెక్క.

ఏళ్ల తరబడి పీల్చిన వార్నిష్ పొగ మేస్త్రీ ఊపిరితిత్తులను తినేసింది. డాక్టరు ఆశ వదులుకోమన్నాడు. మేస్త్రీ కోరింది ఒక్కటే: పోయేలోపు జవాబు తెలియాలి, ఔనైనా కాదైనా. సన్నని పోగులు అల్లి ఆయనే ఒక మెత్తతీగ తయారుచేశాడు. బిగుసుకునే గుణం దానికి లేదు. దానితోనూ ముల్లు వెనక్కి జరిగితే బలం చుట్టదే. జరగకపోతే అంతా లావుతీగ మాయ.

పరీక్ష రోజు వంటింటి గుమ్మంలో చెల్లెలు అన్నను ఆపింది.

"అన్నయ్యా, ఎలా ఉన్నా డబ్బా లేచిందనే చెప్పు. నీ సొమ్మేం పోయింది?"

"ఆయనతోనా? నా మొహం చూస్తే పట్టేస్తాడమ్మా."

"మొహం తిప్పుకుని చెప్పు. ఆయన్ని సంతోషంగా పోనీ."

మేస్త్రీ దుకాణం బయట బల్ల మీద, మిత్రుల మధ్య, గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. లోపల చుట్ట గుయ్యిమంది, ఆగింది. చాలాసేపు చప్పుడు లేదు. తరువాత బావ వచ్చాడు.

"లేచింది బావా. నువ్వే గెలిచావు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెల్డరు నేల చూపులు చూశాడు. మేస్త్రీ గోడ పట్టుకుని లేచాడు.

"పద. నాకూ చూపించు."

"ఇప్పుడెందుకు, ఆయాసపడుతున్నావు..."

ఆయన ఆగలేదు. గదిలో డబ్బాకు లావుతీగే బిగించి ఉంది. మెత్తతీగ బల్ల అంచున చుట్టగా పడి ఉంది. మేస్త్రీ దాని కొసలు వేళ్లతో తడిమాడు. స్క్రూ కింద నలిగిన పోగులు విచ్చుకుని ఉన్నాయి.

"ఇది వేశావు. లేవలేదు. నేనొచ్చి చూస్తానని మళ్లీ లావుదే బిగించావు. అవునా?"

బావ జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇన్నేళ్లూ నన్ను వెధవా అన్నావు, పిచ్చోడా అన్నావు. ఏనాడూ నొచ్చుకోలేదు. ఇవాళ నన్ను చచ్చినవాళ్లలో జమకట్టేశావు."

తానే లావుతీగ విప్పి, మెత్తతీగ బిగించి, స్విచ్ వేశాడు. చుట్ట వేడెక్కి వార్నిష్ వాసన గదంతా నిండేదాకా చూశాడు. ముల్లు కదలలేదు.

"ఇప్పుడు చెప్పు. నీ నోటితో."

"లేవలేదు బావా."

మేస్త్రీ స్విచ్ ఆపి ఇంటికి నడిచాడు.

ఆ తరువాత ఆదివారాలు బావ ఆయన మంచం పక్కనే కూర్చునేవాడు. రాకెట్టును బెలూనుకు కట్టి పైదాకా మోయిస్తే సగం ఇంధనం మిగులుతుందని, బెలూను ఎంత ఎత్తుకైనా పోతుందని వాదం మొదలుపెట్టేవాడు. పైన గాలే ఉండదని, గాలి లేనిచోట బెలూను తేలదని మేస్త్రీకి తెలుసు. అది ఆయనకు తెలుసని బావకూ తెలుసు. ఈసారైనా తిడతాడేమోనన్న ఆశతో ప్రతిసారీ అదే తప్పు చెప్పి కాసేపు ఆగేవాడు.

మేస్త్రీ ఒక్కసారీ దిద్దలేదు. గోడవైపు తిరిగి, "అంతే బావా, నువ్వు చెప్పినట్టే" అనేవాడు.