హార్మోనియం దగ్గర చెల్లె

జర్మనీలో మాస్టర్స్ పూర్తి చేశాను గాని దేనికీ మాస్టర్ని కాలేకపోయాను. అయినా మా ప్రొఫెసర్ పీహెచ్‌డీకి ఉండిపొమ్మన్నారు. ఆలోచించుకుని చెబుతానని వరంగల్ వచ్చాను. నిజానికి వద్దని చెప్పాలనే నిర్ణయం విమానంలోనే అయిపోయింది. ఇక దానికి తగిన కారణం ఒకటి కావాలి. అది కొత్తవాడలో మా వీధి చివర హనుమాన్ గుడిలో ఉందనుకున్నాను. "ఇక్కడే ఉండిపోతానేమో, గుడిలో హార్మోనియం చూసుకునేవాడు ఉండాలి కదా" అని ఇంటికొచ్చిన రోజే అమ్మ చెవిన వేశాను.

డిగ్రీ అయ్యేదాకా ప్రతి శనివారం సాయంత్రం అక్కడి భజనలో హార్మోనియం నాదే. పరాయి దేశంలో కూడా చిన్న కీబోర్డు కొనుక్కుని, పక్కింటివాళ్లకు వినపడకుండా హెడ్‌ఫోన్లు తగిలించుకుని, అవే కీర్తనలు నాకు నేనే వినిపించుకునేవాణ్ని. శ్రోత ఒక్కడే అయినా మంచివాడు, మధ్యలో ఎన్నడూ లేచిపోలేదు. రెండు పెట్టెలతో ఇంట్లో దిగాను గాని మనసంతా గుడిలోని మూడో పెట్టె మీదే ఉంది.

శనివారం వెళ్లేసరికి ఆ పెట్టె ముందు మా చిన్నమ్మ కూతురు కూర్చుని ఉంది. ఫోన్లో పాఠాలు చూసి నేర్చుకుందట. డోలక్ వాయించే మా పెద్దబాపు నన్ను చూసి మురిసిపోయాడు. ఆ మురిపెంలో ప్లాస్టిక్ కుర్చీ తెప్పించాడు. మా భజనలో అందరూ జంపఖానా మీదే కూర్చుంటారు. కుర్చీ వేసేది కార్పొరేటర్‌కి, లేదా మోకాళ్లు అరిగినవాళ్లకి.

"కిందనే కూసుంట పెద్దబాపూ."

"గట్లెట్ల బిడ్డా, ఫారిన్ నుంచి వచ్చినవ్. ప్యాంటు ఖరాబైతది."

కుర్చీలో కూర్చుని, చెల్లె వాయిస్తుంటే తప్పు కోసం చెవులు రిక్కించి విన్నాను. ఒక్కటీ దొరకలేదు. ఆమె వాయిస్తూ పాడుతోంది, పాడుతూ నవ్వుతోంది. నేను వాయించే రోజుల్లో నవ్విన గుర్తు లేదు. వినేవాళ్లు నవ్వారేమో తెలియదు. ముందు వరుసలో మా అమ్మ చప్పట్లు కొడుతోంది. నాకెప్పుడూ అంత గట్టిగా కొట్టలేదు.

"అన్నా, నువ్వొకటి అందుకో," అని చెల్లె పక్కకు జరిగింది.

కుర్చీ దిగి కూర్చుని అందుకున్నాను. వేళ్లు ఏదీ మరిచిపోలేదు. గొంతూ మాట విన్నది. కాసేపటికే వెనక గందరగోళం. భజనలో ముందు పాడేవాడు పాటలో ఒక వరుస పాడి ఆగాలి, అందరూ దాన్ని తిరిగి పాడాకే రెండోది ఎత్తుకోవాలి. హెడ్‌ఫోన్లలో నా వెనక పాడేవాళ్లెవరూ లేరు కనుక ఆగే అలవాటే పోయింది. వాళ్లు మొదటి వరుసలో ఉండగానే నేను మూడో దాంట్లో ఉన్నాను.

పెద్దబాపు డోలక్ ఆపేశాడు. "జర ఆగు బిడ్డా. నువ్వొక్కనివే పోతానవ్. మేమింకా బస్టాండ్ కాన్నే ఉన్నం."

"ఆడ రైళ్లు ఎవ్వల కోసం ఆగయట బావా," అన్నది మా అమ్మ.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఒక వరుస ఆలస్యంగా. మళ్లీ ఎత్తుకుంటే మళ్లీ అదే తప్పు. చివరికి చెల్లె పక్కన కూర్చుని, వరుస అయిపోగానే నా మోచేయి పట్టుకుని ఆపి, అందరూ పాడాక వదిలింది. అలా ఆమె అనుమతి మీద పాట గట్టెక్కించాను.

మర్నాడు పొద్దున ప్రొఫెసర్‌కి సరేనని రాశాను. చదువు మీద ప్రేమతో రాశానని చెప్పుకోవచ్చు గాని, వద్దనడానికి నేను వెతుక్కున్న కారణం ముందు అప్పటికే ఒకరు కూర్చున్నారు, నాకన్నా బాగా.

చిన్నమ్మ పంపిన సకినాలు తీసుకుని చెల్లె వస్తే చెప్పాను.

"మళ్ల పోతానవా? ఎన్నేండ్లకు?"

"నాలుగైదు పట్టచ్చు."

"మంచిగైంది అన్నా," అంటూ హాయిగా కూలబడింది. "నువ్వు ఈడనే ఉంటవట అని పెద్దమ్మ చెప్పినకాన్నుంచి ఒకటే ఫికర్. పెట్టె నీకియ్యాల్సొస్తదని."

"నిన్న నా వాయించుడు విన్నంక గూడనా?"

"విన్నంకనే ఎక్కువైంది. నీ వేళ్లు నాకు రావు. నువ్వు ఆగుడొక్కటి నేర్చుకుంటే నన్నెవరు కూసోనిస్తరు?"

ఈ మాట ఆమె నిన్ననే, ప్రొఫెసర్‌కి రాయకముందే అని ఉంటే ఏం చేసేవాణ్నో తెలియదు. నాకు ఆమె మీద కుళ్లు ఏమీ తగ్గలేదు. కాని ఆమెకూ నా మీద అంతే ఉందని తెలిశాక సకినాలు మాత్రం చాలా రుచిగా ఉన్నాయి.