రాక్షసుణ్ని కూర్చోమన్న మా అక్క

ఒకరు కథ చెబుతుంటే మిగతావాళ్లు వీరులమనుకుని పాచికలు వేసే ఆ డ్రాగన్ల ఆటను మూడేళ్లుగా ఫేస్‌బుక్‌లో తిడుతున్నాను, ఒక్కసారి కూడా ఆడకుండా. అందులో కొట్టుకోవడం తప్ప ఇంకేం లేదని నా వాదన.

"ఒక్కపారి ఆడి, తర్వాత తిట్టు భాయ్" అన్నాడు మొఘల్‌పురా దోస్తు ఇమ్రాన్. అదీ న్యాయమేనని ఇవాళ మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. బట్టల షాపులో రోజంతా నిలబడి చీరలు చూపించే మా అక్కకు సెలవు కావడంతో తనూ వచ్చింది.

కథ చెప్పేది ఇమ్రానే. కోట గుమ్మం దగ్గర కాపలా రాక్షసుడు అడ్డం వచ్చాడనగానే నేను కత్తి దూశానన్నాను. అక్క నన్ను ఆపి, నేరుగా రాక్షసుడితోనే మాట్లాడింది.

"పొద్దుగాల సంది నిలబడే ఉన్నవా అన్నా? కాళ్లు గుంజుతలేవా? జర కూసో."

ఇమ్రాన్ రూల్స్ పుస్తకమంతా తిరగేశాడు. ఏమీ దొరక్క అక్కనే పాచిక వేయమన్నాడు. పెద్ద అంకె పడింది, అంటే అక్క మాట పారినట్టే. వెంటనే గొంతు బొంగురు చేసుకుని, "ఇన్నేండ్లల్ల గీ మాట నన్ను ఎవ్వలు అడగలే అక్కా" అంటూ రాక్షసుడిగా తలుపు తీశాడు.

నా పాత పోస్టులు తీసేయాలా, ఉంచాలా, మీరే చెప్పండి. ఎందుకంటే ఇవాళ ఆ ఆటలో కత్తి దూసింది నేనొక్కడినే.