బావ కాశీకి, వాచీ నందిగామకి

ఆ రోజుల్లో చేతికి వాచీ ఉన్న మనిషి టైము చూసే పద్ధతే వేరుగా ఉండేది. మోచెయ్యి మడిచి, చొక్కా కఫు వెనక్కి జరిపి, కళ్ళు చిట్లించి, అడిగినవాడు ఓపిక పట్టలేక మెడ సాచేదాకా ఆగి, అప్పుడు చెప్పేవాడు. ఆ వైభోగం నాకు సరిగ్గా నాలుగు రోజులు దక్కింది. తర్వాతి ఎనిమిది రోజులూ నేను కుదురుగా ఒక్కచోట కూర్చున్న పాపాన పోలేదు.

అప్పుడు నాకు ఇరవై ఒకటి. జగ్గయ్యపేట పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తాగా కొత్తగా చేరాను. మా అక్కని కంచికచర్లలో ఇచ్చారు. బావకి పొగాకు, మిరప సేద్యం, చేతినిండా పని, వాటన్నిటికంటే ఎక్కువగా ఒక స్విస్ వాచీ ఉండేవి. రంగూన్ వెళ్ళొచ్చిన పినతండ్రి ఇచ్చిన వాచీ అది. "పద్దెనిమిదేళ్ళయింది, దీని మూత తీసిన మొనగాడు లేడు" అని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. (మంచినీళ్ళు ఇవ్వడం మరిచిపోయిన రోజులున్నాయి గానీ, ఇది చెప్పడం మరిచిన రోజు లేదు.) ఆ ఏడు వాళ్ళమ్మగారిని తీసుకుని కాశీ బయల్దేరాడు. పదిహేను రోజుల యాత్ర. రైళ్ళలో దొంగల భయమని వాచీని బీరువాలో పెట్టి, తాళం అక్క చేతికిచ్చి వెళ్ళాడు.

మర్నాడు నేను వెళ్ళేసరికి అక్క వాచీ తీసి నా చేతికి తగిలించింది. "ఒరేయ్, కొత్తగా ఉజ్జోగంలో చేరావు, నలుగురిలో కాస్త దర్జాగా కనపడు. ఆయనొచ్చేలోపు తెచ్చిచ్చెయ్. తెలిస్తే నా పని అయిపోయినట్టే" అంది. నేను ఆఖరి మాట విన్నట్టే తలూపాను. నిజానికి అప్పటికే నా కళ్ళు వాచీ మీదున్నాయి.

ఆఫీసులో టైము అడిగిన ప్రతివాడికీ టైము చెప్పి, వాడి ఎదుటే రెండు చుట్లు కీ ఇచ్చేవాణ్ణి. అడగనివాళ్ళకీ చెప్పేవాణ్ణి. శుక్రవారం పొద్దున పదకొండుంపావుకి అలాగే కీ ఇస్తుంటే లోపల 'టక్'మని చిన్న చప్పుడైంది. ఆ తర్వాత కీ ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంది. చెవి దగ్గర పెట్టుకున్నాను. వాచీ లోపల ఏ చప్పుడూ లేదు. నా గుండె చప్పుడు మాత్రం బాగా వినపడింది.

పెద్ద గుమాస్తాగారు విషయం విని ఓదారుస్తారనుకుంటే, ఇంకా హడలగొట్టారు. "ఎవరి చేతిలోనూ పెట్టి రాకోయ్. లోపల చక్రాల కింద పొదిగిన కెంపు రాళ్ళు మార్చేస్తారు. మా తోడల్లుడి వాచీలో పదిహేడు రాళ్ళుండేవి. బాగుచేయించాక అయిదే మిగిలాయి."

"లెక్కపెట్టారాండీ?"

"లెక్కపెట్టడానికి అవేవన్నా చింతపిక్కలా? కళ్ళకి కనపడితేగా!"

కనపడని రాళ్ళని కాపలా కాయడమెలాగో తెలియక ఆ రాత్రి అన్నం సహించలేదు. శనివారం పేటలోనే ఒక అరుగు మీద అద్దాల పెట్టె పెట్టుకున్నాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన వాచీలతోబాటు గ్రామఫోన్లు, పెట్రోమాక్సు లైట్లు, తాళాలు కూడా బాగుచేసేవాడు. నేను వెళ్ళినప్పుడు ఆయన ముందు ఒక పళ్ళెంలో రకరకాల చక్రాలు కలగాపులగంగా పోసున్నాయి. వాచీని అటూ ఇటూ తిప్పి, "స్ప్రింగు తెగిందండీ. ఇట్టాంటిది ఎక్కడా దొరకదు. అలారం టైంపీసు స్ప్రింగుంది నా దగ్గర, అందులోంచి ముక్క కోసి వేస్తా. దర్జాగా ఆడుద్ది" అన్నాడు.

"అలారం కూడా మోగుతుందేమో!" అన్నాను ఏడుపుని వెటకారంగా మార్చుకుంటూ.

"అదైతే హామీ ఇవ్వలేనండి" అన్నాడాయన, ఎంతో నిజాయితీగా. ఆయన చేతిలోంచి వాచీ లాక్కున్నంత పనిచేసి రోడ్డెక్కాను.

నందిగామలో ఒక పెద్దాయన ఉన్నాడనీ, ఒక్క వాచీలు తప్ప ఇంకేమీ ముట్టుకోడనీ ఎవరో చెబితే ఆదివారం మొదటి బస్సెక్కాను. చిల్లకల్లులో బస్సు ఆపి ఇంజనులో నీళ్ళు పోస్తూ, డ్రైవరు తాపీగా చుట్ట కాల్చుకున్నాడు. నేను దిగాను, ఎక్కాను, మళ్ళీ దిగాను. పక్కసీటు రైతు నా చెయ్యి చూసి, "టైమెంతయిందండీ?" అన్నాడు. "పదకొండుంపావు" అన్నాను. ఆయన ఇంకా ఎక్కని ఎండ వంక చూశాడు, నా వంక చూశాడు, కాస్త అవతలికి జరిగి కూర్చున్నాడు.

నందిగామ పెద్దాయనది బల్ల పట్టేంత కొట్టు. ఒక కంటికి నల్లటి భూతద్దం బిగించుకుని, తలెత్తకుండానే వాచీ అందుకున్నాడు. "స్ప్రింగు బెజవాడ నుంచి తేవాలి. పెట్టిపోండి, వచ్చే శనివారం రండి" అన్నాడు. నాకు రాళ్ళు గుర్తొచ్చాయి. "కూర్చుంటానండి" అన్నాను.

"శనివారం దాకానా?"

ఆయన మూత తీస్తుంటే బల్ల మీదికి వంగాను. నా ఊపిరి తగిలి ఆయన అద్దానికి ఆవిరి పట్టింది. ఆయన అద్దం తుడుచుకున్నాడు. నేను మళ్ళీ వంగాను. మూడోసారి తుడుచుకుని, ఊడదీసిన మూత లోపలి వైపు చూసి నెమ్మదిగా నవ్వాడు. "మళ్ళీ వచ్చిందా ఇది!" అన్నాడు.

ఆయన చూపించిన చోట సూదితో గీసినట్టు సన్నటి గీతలు మూడున్నాయి. బాగుచేసిన ప్రతిసారీ మూత లోపల తన గుర్తు గీసుకోవడం ఆయన అలవాటట.

"అంటే... మూడుసార్లు? ఎవరు తెచ్చారండీ?"

"ఎవరు తెచ్చారో నేను చెప్పకూడదు బాబూ. వాచీ సంగతి మాత్రం చెప్తా. ఒకసారి కిందపడి అద్దం పగిలింది. ఒకసారి గేదెల కుడితి తొట్లో మునిగింది. ఇంకోసారి ఇదే స్ప్రింగు. తెచ్చినాయన కూడా మీలాగే, వంగి వంగి నా అద్దానికి ఆవిరి పట్టించాడు. ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నాడు."

మూత తీసిన మొనగాడు నా ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. నాకు నవ్వొచ్చింది, కోపమొచ్చింది, వాటి వెనకాలే పెద్ద ధైర్యమొచ్చింది. బావలాంటివాడే నమ్మిన మనిషిని నేను నమ్మకపోవడమేమిటి? వాచీ ఆయనకి వదిలేసి లేచాను. (ధైర్యం చిల్లకల్లు దాకా ఉంది. అక్కడ బస్సు ఆగేసరికి రాళ్ళు మళ్ళీ గుర్తొచ్చాయి.)

ఆ వారమంతా ఆఫీసులో ఒకే కాగితాన్ని నాలుగుసార్లు నకలు రాశాను. శనివారం సెలవు పెట్టి వెళితే కొట్టు మూసుంది! స్ప్రింగు కోసం ఆయనే స్వయంగా బెజవాడ వెళ్ళాడట. వచ్చిన ప్రతి బస్సుకీ ఎదురెళ్ళి నిలబడ్డాను. మధ్యాహ్నానికి దిగాడు, చొక్కా జేబు మీద చెయ్యి అదిమిపెట్టుకుని. "సరైనది దొరికేదాకా నాలుగు కొట్లు తిరిగా బాబూ" అన్నాడు. నేనీసారి వంగలేదు. వీధిలో పచార్లు చేశాను. గంటన్నర తర్వాత ఆయన వాచీ నా చెవికి ఆనించాడు. టిక్ టిక్ మంటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టైము సరిచేసి, కీ నిండా ఇచ్చి పంపించాడు.

బావ ఆదివారం వస్తాడు గదా అని నిశ్చింతగా కంచికచర్ల చేరితే, వాకిట్లోనే ప్రయాగ గుండుతో ఎదురయ్యాడు. ఒకరోజు ముందే వచ్చేశాడు! బీరువా తాళం కనపడటం లేదంటూ అక్క పొద్దుటి నుంచీ ఇల్లంతా వెతుకుతున్నట్టు నటిస్తోంది. కాళ్ళు కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్ళి వాచీ అక్క చేతిలో పెట్టాను. అయిదు నిమిషాల్లో తాళం 'దొరికింది'.

బావ వాచీ అందుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. అప్పుడు గానీ మాకిద్దరికీ తట్టలేదు. పధ్నాలుగు రోజులు బీరువాలో ఉండాల్సిన వాచీ, రోజూ కీ ఇచ్చే దిక్కు లేక ఏనాడో ఆగిపోవాల్సిన వాచీ, ఠంచనుగా నాలుగుంపావు చూపిస్తూ ఆడుతోంది! అక్క మొహం పాలిపోయింది. నేను గుమ్మం ఎంత దూరమో చూసుకున్నాను.

బావ వాచీ వంక చూశాడు, అక్క వంక చూశాడు, నా వంక కాస్త ఎక్కువసేపు చూశాడు. తర్వాత వాళ్ళమ్మగారికి వినపడేలా గట్టిగా, "చూశావుటే అమ్మా! పధ్నాలుగు రోజులు కీ ఇవ్వకపోయినా ఆడుతోంది. అదీ వాచీ అంటే!" అన్నాడు. ఆవిడ కాశీతీర్థం పుచ్చుకున్నంత భక్తిగా వాచీకి దణ్ణం పెట్టింది.

భోజనాలయ్యాక నా పక్కకి వచ్చి, గొంతు బాగా తగ్గించి, "నందిగామ ముసలాయన కులాసాగా ఉన్నాడా?" అన్నాడు.

"ఉన్నాడు బావా" అన్నాను.

అంతే, ఆ ఊసు మేమిద్దరం జన్మలో మళ్ళీ ఎత్తలేదు. తర్వాత ఎన్నోసార్లు పేట నుంచి ఒకే బస్సులో వచ్చాం. నందిగామలో బస్సు ఆగితే ఆయన ఆ కిటికీలోంచీ, నేను ఈ కిటికీలోంచీ శ్రద్ధగా బయటికి చూసేవాళ్ళం. ఇప్పుడు బావ లేడు. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా, ప్రతి బస్సుకీ ఎదురుపడి నిలబడ్డ ఆ బక్కపల్చటి కుర్రాడు గుర్తొస్తాడు. పాపం, ఎంత కంగారుపడ్డాడో అని జాలేస్తుంది. వాడి కాళ్ళలో ఉన్న ఆ తొందర ఇప్పుడొక్క పూట నాకు దొరికితే బాగుండునని కూడా అనిపిస్తుంది.